షిమోనాదా స్టేషన్‌కి రైల్లో వెళ్లి రావడం ఎలా? ఎక్కే తలుపు, చిల్లర, తిరుగు రైలుతో సహా

ఎదురుగా సముద్రం, మధ్యలో ఒక్కటే పట్టా, చిన్న కప్పు కింద బెంచీ. ఈ ఫొటో పంపించి "ఇది జపాన్‌లో ఎక్కడ, ఎలా వెళ్లాలి" అని అడిగేవాళ్లు ఆగడం లేదు. టోక్యోలో, ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నవాళ్లూ అడుగుతున్నారు, పిల్లల్ని చూడ్డానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసమూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు అంతా ఇక్కడే రాసేస్తున్నాను.

అది షిమోనాదా స్టేషన్. షికోకు దీవిలో, ఎహిమే ప్రిఫెక్చర్‌లో, ఇయో నగరం పరిధిలోకి వస్తుంది. 1935లో తెరిచారు. ఒకప్పుడు జపాన్‌లో సముద్రానికి అన్నిటికంటే దగ్గరి స్టేషన్ అని పేరుండేది, తర్వాత సముద్రాన్ని కొంత పూడ్చి కింద 378వ నంబర్ జాతీయ రహదారి వేశారు కాబట్టి ఇప్పుడు అలలు ప్లాట్‌ఫాం కిందికి రావు. సెయిషున్ 18 అనే చవక రైలు టికెట్ పోస్టర్ల మీద 1990ల చివర్లో వరసగా ఈ స్టేషన్ ఫొటో వేశారు, అప్పట్నుంచి జనం మొదలయ్యారు. చరిత్ర ఇంతవరకు చాలు.

అసలు చిక్కు ఏంటంటే అక్కడ స్టాఫ్ లేరు. టికెట్ గేటు లేదు, కార్డు పెట్టే మెషిన్ లేదు, అడగడానికి మనిషి లేడు. రైలు కూడా చాలావరకు ఒకటి రెండు పెట్టెల డీజిల్ బండి, అందులో ఉండేది డ్రైవర్ ఒక్కడే, డబ్బులు తీసుకునేదీ ఆయనే. టోక్యోలో కార్డు టప్‌మని కొట్టి వెళ్లిపోవడం అలవాటైనవాళ్లు ఇక్కడికొచ్చేసరికి తడబడతారు. దానికితోడు రైళ్లు తక్కువ. రోజు మొత్తానికి వెళ్లేవి పది లోపు, వచ్చేవి పది లోపు అనుకోండి, పగటిపూట రెండు మూడు గంటల ఎడం కూడా ఉంటుంది. ఫొటో ఎలా తీయాలో తర్వాత ఆలోచించండి, ముందు తిరుగు రైలు ఏదో తేల్చుకోండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటానంటే ఈ మాట గుర్తుంచుకోండి.

దగ్గర ఏం ఉండాలి

- చిల్లర. 100, 50, 10 యెన్ నాణేలు, వీటితో పాటు కొన్ని 1,000 యెన్ నోట్లు. 10,000 నోటు ఒక్కటే జేబులో పెట్టుకుని బయల్దేరొద్దు.
- వెళ్లే రైలు, వచ్చే రైలు, దాని తర్వాత వచ్చే రైలు: ఈ మూడిటి టైములు ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. నెట్ లేకపోయినా కనిపించాలి.
- షిమోనాదా, ఇయో-నగహామా, ఇయో-ఓజు, ఇయో-షి పేర్లు జపనీస్ అక్షరాల్లో ఎలా ఉంటాయో మరో స్క్రీన్‌షాట్. బోర్డుతో పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.
- మంచినీళ్లు, తినడానికి ఏదైనా. శాకాహారులైతే పులిహోరో చపాతీలో కట్టుకుని వెళ్లడమే నయం. ఆ ప్రాంతంలో బాగా దొరికే జాకోతెన్ చూడ్డానికి మన వడలా ఊరిస్తుంది కానీ అది చేపల ముద్దతో చేసింది.
- పవర్‌బ్యాంక్, ఎండాకాలమైతే గొడుగు లేదా టోపీ. ప్లాట్‌ఫాం మీద నీడ ఉన్నది ఆ చిన్న కప్పు కిందే, అక్కడే అందరూ ఫొటోలకి చేరతారు.

పెద్ద సూట్‌కేసులు దగ్గర్లోని పెద్ద నగరం మత్సుయామాలో, స్టేషన్ కాయిన్ లాకర్‌లో పెట్టేసి వెళ్లండి. ఈ రూట్లో తిరిగే పెట్టెల్లో కొన్ని మామూలు పెట్టెలకంటే పొట్టివి, పైగా సీట్లు గోడ వారగా పొడుగ్గా ఉంటాయి. మీ సూట్‌కేసు నడవలో అడ్డంగా నిలబడి, దిగేవాళ్లందరూ దాన్ని దాటుకుంటూ పోవాలి.

ఎలా వెళ్లాలి

1. ముందు మత్సుయామా చేరండి, అదీ సరైన మత్సుయామా.
ఒసాకా వైపు నుంచి వచ్చేవాళ్లు షింకన్‌సెన్‌లో (బుల్లెట్ ట్రైన్‌లో) ఒకాయామా దాకా వచ్చి, అక్కడ షియోకజే ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే సెతో వంతెన మీదుగా మూడు గంటల లోపే మత్సుయామా. ఒకాయామాలో దిగాక షియోకజేలో వంతెన దాటేటప్పుడు నిద్రపోకండి, అది కూడా చూడాల్సిందే. టోక్యో నుంచైతే విమానం మేలు, ఎయిర్‌పోర్ట్ నుంచి జేఆర్ (జపాన్ రైల్వేస్) మత్సుయామా స్టేషన్‌కి బస్సులో ఇరవై నిమిషాల లోపు.

ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతుంది. ఈ ఊళ్లో పెద్ద స్టేషన్లు రెండు. ఒకటి జేఆర్ మత్సుయామా. రెండోది ఇయోతెత్సు అనే స్థానిక కంపెనీది, పేరు మత్సుయామా-షి. షాపింగూ సందడీ రెండోదాని దగ్గరే ఎక్కువ, హోటళ్లు కూడా చాలా అటువైపే, అందుకని ట్యాక్సీ ఎక్కి "మత్సుయామా స్టేషన్" అంటే ఎటు తీసుకెళ్లినా తీసుకెళ్లొచ్చు. "జేఆర్" అని ముందు చేర్చి చెప్పండి. రెండిటి మధ్య దూరం సుమారు కిలోమీటరు, ట్రామ్ ఉంది, కానీ రైలుకి అయిదు నిమిషాలున్నప్పుడు ఆ కిలోమీటరు చాలా పెద్దది.

జేఆర్ మత్సుయామా 2024 సెప్టెంబర్ 29 నుంచి పైకెక్కింది, ప్లాట్‌ఫాంలు ఇప్పుడు పై అంతస్తులో ఉన్నాయి. పాత వీడియోలు చూసుకుని వెళ్తే లోపలి దారి వేరేలా ఉంటుంది.

2. తిరుగు రైలు దగ్గర్నుంచి వెనక్కి లెక్కేయండి.
గూగుల్ మ్యాప్స్‌లోనో నవిటైమ్ యాప్‌లోనో షిమోనాదా నుంచి మత్సుయామాకి వెతకండి, అటు నుంచి ఇటు. రోజు చివర్లో ఉన్న రెండు మూడు రైళ్లు రాసుకోండి. చిట్టచివరి రైలు మీ ప్లాన్‌లో పెట్టుకోవద్దు, అది ఏదైనా తేడా వస్తే వాడుకోవడానికి. దాని ముందుదాన్ని మీ రైలు అనుకోండి. ఇప్పుడు అక్కడ ఎంతసేపు ఉండాలనుకుంటున్నారో చూసుకుని వెళ్లే రైలు ఎంచుకోండి.

సూర్యాస్తమయం కోసం వెళ్తున్నట్టయితే ఆ రోజు పొద్దు ఎప్పుడు కుంకుతుందో ముందే చూడండి. జూన్ నెలాఖరులో అక్కడ రాత్రి ఏడుంపావు దాటాక గానీ సూర్యుడు దిగడు, డిసెంబర్‌లో సాయంత్రం అయిదుకే చీకటి పడుతుంది. వేసవిలో ప్లాన్ చేసినవాళ్ల టైములు చూసి మీరు చలికాలంలో వెళ్తే చీకట్లో దిగుతారు.

ఇంకో సంగతి. జేఆర్ కంపెనీలు ఏటా మార్చిలో టైమ్‌టేబుల్ మారుస్తాయి. నిరుడు వెళ్లొచ్చిన ఫ్రెండ్ పంపిన టైములు, నా దగ్గరున్నవైనా సరే, నమ్మొద్దు. అందుకే ఇక్కడ రైలు టైము ఒక్కటి కూడా రాయలేదు.

3. నగహామా మీదుగా వెళ్లే రైలేనా కాదా చూడండి.
ఈ స్టెప్ దగ్గర కొంచెం ఆగండి, ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

మత్సుయామా నుంచి ఇయో-ఓజు వైపు వెళ్లే లైను ముకాయ్‌బరా అనే చిన్న స్టేషన్ దాటాక రెండుగా చీలుతుంది. పాతది సముద్రం పక్కనుంచి, ఇయో-నగహామా మీదుగా పోతుంది, షిమోనాదా దీని మీదే ఉంది. కొత్తది 1986లో వేశారు, కొండల్లోంచి ఉచికో అనే ఊరి మీదుగా పోతుంది. రెండూ ఇయో-ఓజుకే చేరతాయి. అందుకని "ఇయో-ఓజు" అని రాసుంది కదా అని ఎక్కేస్తే సగం సార్లు కొండల్లోకి వెళ్లిపోతారు. ఉవకాయ్ ఎక్స్‌ప్రెస్ అయితే ఉచికో దారిలోనే వెళ్తుంది, షిమోనాదా వైపు రాదు. జేఆర్ పాస్ ఉంది కదా, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తొందరగా చేరతాం అనుకునేవాళ్లు గమనించండి.

చివరి స్టేషన్ పేరు కాదు, మధ్యలో నగహామా ఉందా లేదా అన్నదే చూడాలి. అనుమానంగా ఉంటే ఎక్కేముందు డ్రైవర్‌కో స్టాఫ్‌కో షిమోనాదా స్క్రీన్‌షాట్ చూపించి "తొమారిమాస్ కా" అనండి, ఆగుతుందా అని. తల ఊపితే ఎక్కండి, చేతులు అడ్డంగా పెడితే దిగండి.

ఇయో-షి దాకా మాత్రమే వెళ్లి ఆగిపోయే రైళ్లు కూడా బోలెడు. ఆ స్టేషన్ దాకా కరెంటు లైను, అక్కడి నుంచి డీజిల్. ముందు వచ్చింది కదా అని ఎక్కితే ఇయో-షిలో దిగి, మళ్లీ మీరు మత్సుయామాలో ఎక్కాల్సిన ఆ డీజిల్ బండి కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటారు.

4. టికెట్ మత్సుయామాలోనే కొనండి.
ఇకోకా, సుయికా లాంటి ట్యాప్ కార్డులు షిమోనాదాలో పనిచేయవు. మత్సుయామాలో ఎక్కడో కార్డు మెషిన్ కనిపించినా దాన్ని ముట్టుకోవద్దు, దిగే చోట మెషిన్ లేకపోతే ఆ లెక్క తెగదు, తర్వాత ఏదో ఒక కౌంటర్లో క్లియర్ చేయించుకునేదాకా ఆ కార్డుతో మళ్లీ రైలెక్కలేరు. మెషిన్‌లోనో కౌంటర్లోనో షిమోనాదాకి కాగితం టికెట్ కొనండి.

జపాన్ రైల్ పాస్ గానీ, షికోకు మొత్తానికి ఇచ్చే రైల్ పాస్ గానీ ఉంటే అదే చాలు, దిగేటప్పుడు చూపించడమే. సెయిషున్ 18 కూడా చెల్లుతుంది, ఇది మామూలు రైళ్లకే కాబట్టి ఈ రూటుకి సరిగ్గా సరిపోతుంది. అయితే ఈ ఒక్క స్టేషన్ కోసం ఏ పాసూ కొనొద్దు, మామూలు టికెట్ పోనూ రానూ కలిపినా ఒక పూట భోజనం ఖర్చంత ఉంటుంది. పిల్లల్లో 6 నుంచి 11 ఏళ్లవాళ్లకి సగం, అంతకంటే చిన్నవాళ్లు టికెట్ కొన్న ఒక్కొక్కరి వెంట ఇద్దరి దాకా ఉచితం.

5. రైలెక్కేముందు బాత్రూమ్‌కి వెళ్లొచ్చేయండి.
నవ్వకండి. ఈ రూట్లో తిరిగే కిహా 32, కిహా 54 రకం పెట్టెల్లో టాయిలెట్ లేదు. ప్రయాణం దాదాపు గంట. పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లు దీన్ని మర్చిపోతే ఆ గంట చాలా పొడుగ్గా గడుస్తుంది.

6. ముందు పెట్టెలో ఎక్కండి, వెనక తలుపు నుంచి.
స్టాఫ్ లేని స్టేషన్లలో డ్రైవర్ పక్కనున్న ముందు తలుపు దిగడానికి, ఆ పెట్టె వెనక తలుపు ఎక్కడానికి. రెండు పెట్టెలుంటే చిన్న స్టేషన్లలో వెనక పెట్టె తలుపులు తెరుచుకోవు. మత్సుయామాలో అన్ని తలుపులూ తెరిచి ఉండొచ్చు, అయినా మొదటినుంచే ముందు పెట్టెలో కూర్చుంటే దిగేటప్పుడు పరిగెత్తే పని ఉండదు.

ఎక్కే తలుపు పక్కన చిన్న మెషిన్‌లోంచి ఒక చీటీ బయటికి వస్తుంది, దాని మీద ఒక నంబర్ ఉంటుంది. దీన్ని సేరికెన్ అంటారు, మీరు ఏ స్టేషన్‌లో ఎక్కారో చెప్పే ఆనవాలు. చేతిలో కాగితం టికెట్ గానీ పాస్ గానీ ఉంటే అక్కర్లేదు. లేకపోతే తప్పకుండా తీసుకోండి, మనిషికొకటి. చీటీ లేకుండా దిగబోతే మీరు ఎక్కడ ఎక్కారో ఆయనకి తెలియదు, మొదటి స్టేషన్ నుంచి లెక్కకడితే అడగడానికి లేదు.

ఏ వైపు కూర్చోవాలి? వెళ్లేటప్పుడు సముద్రం కుడి వైపు. కానీ గోడ వారగా పొడుగు సీటున్న పెట్టె అయితే ఎడమ వైపు కూర్చోండి, అప్పుడు ఎదుటి కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది, మెడ తిప్పాల్సిన పని లేదు.

7. దారి సరైనదేనా అని రెండు చోట్ల చూసుకోండి.
ముకాయ్‌బరా తర్వాత వచ్చే స్టేషన్ కోనోకావా అయి, కుడి పక్క నీళ్లు కనిపిస్తే హాయిగా కూర్చోండి. తర్వాత ఇయో-కామినాదా, దాని తర్వాత షిమోనాదా. కామినాదా, షిమోనాదా, రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి, ఒక స్టేషన్ ముందే దిగిపోయేవాళ్లున్నారు. బోర్డు చూసే దిగండి.

ముకాయ్‌బరా తర్వాత ఇయో-ఓహిరా వచ్చి, ఆపైన ఆరు కిలోమీటర్ల పొడుగు సొరంగంలోకి రైలు దూరిందంటే మీరు ఉచికో దారిలో ఉన్నట్టే. టెన్షన్ పడకండి. ఎక్కడపడితే అక్కడ దిగిపోతే ఆ కొండల్లో గంటలకొద్దీ కూర్చోవాలి. ఇయో-ఓజు దాకా వెళ్లి, అక్కడ నగహామా మీదుగా మత్సుయామా వెళ్లే రైలు ఎప్పుడుందో చూడండి, అది అవతలి వైపు నుంచి షిమోనాదాకి తీసుకొస్తుంది. ఎడం ఎక్కువుంటే ఓజులో కోట ఉంది, చూసి రావచ్చు. అదనపు చార్జీ ఉంటే కట్టాలి, అంతే.

8. డబ్బులు కట్టి దిగండి.
డ్రైవర్ తల పైన ఒక బోర్డు ఉంటుంది, దాని మీద గళ్లు. గడి పైన నంబర్, కింద యెన్లు. మీ చీటీ మీద 3 ఉంటే 3వ గడిలో ఉన్నది మీ చార్జీ. ప్రతి స్టేషన్ దాటాక అంకెలు పెరుగుతాయి కాబట్టి షిమోనాదా అనౌన్స్‌మెంట్ వచ్చాక చూడండి, అప్పుడున్న అంకే అసలైనది.

ఆయన పక్కనే డబ్బుల పెట్టె. దీనికి రెండు రంధ్రాలు. ఒకటి చార్జీ వేయడానికి, ఇంకోటి చిల్లర మార్చుకోవడానికి. చార్జీ రంధ్రంలో ఎంత వేస్తే అంతా లోపలికే పోతుంది, మిగతాది తిరిగి రాదు. అందుకే ముందు 1,000 నోటు చిల్లర రంధ్రంలో పెట్టి నాణేలు తీసుకోవాలి, అందులోంచి సరిగ్గా లెక్కపెట్టి, చీటీతో కలిపి చార్జీ రంధ్రంలో వేయాలి. 5,000, 10,000 నోట్లు ఆ మెషిన్ తీసుకోదు. 2024 జూలైలో వచ్చిన కొత్త 1,000 నోటునీ, 2021లో వచ్చిన కొత్త 500 నాణేన్నీ కూడా పాత మెషిన్లు కొన్ని బయటికి ఉమ్మేస్తాయి, అందుకే మొదట్లో నాణేలు అన్నాను.

చిల్లర మార్చుకోవడం రైలు ఏ స్టేషన్‌లోనైనా ఆగి ఉన్నప్పుడు ముందే చేసుకోండి. మన సిటీ బస్సులో దిగే స్టాపు వచ్చాక పర్సు వెతికేవాళ్లని చూసి వెనకవాళ్లు ఎలా నిట్టూరుస్తారో తెలుసు కదా, ఇక్కడ పైకి నిట్టూర్చరు గానీ రైలు మాత్రం లేటవుతుంది. కాగితం టికెట్ అయితే డ్రైవర్‌కి చూపించి పెట్టెలో వేయండి. పాస్ అయితే తేదీ కనబడేలా చూపించండి. నలుగురు కలిసి వెళ్తే ఒక్కరే అందరి డబ్బులూ, అందరి చీటీలూ ఇచ్చి వేళ్లతో నాలుగు అని చూపిస్తే సరిపోతుంది.

9. దిగగానే మొదటి పని.
స్టేషన్‌లో టైమ్‌టేబుల్ అతికించి ఉంటుంది. మీ స్క్రీన్‌షాట్‌లో ఉన్న తిరుగు రైలు అందులో ఉందా, ఉన్నది మత్సుయామా వైపుదేనా చూసుకోండి. ప్లాట్‌ఫాం ఒక్కటే, పట్టా ఒక్కటే కాబట్టి రెండు వైపుల రైళ్లూ అక్కడికే వస్తాయి. ఏదో రైలు వచ్చింది కదా అని ఎక్కితే నగహామా తేలతారు.

ఆ తర్వాత మీ ఇష్టం. శని, ఆదివారాల్లో, పొద్దుగుంకే వేళ బెంచీ దగ్గర వరస ఉంటుంది, రెండు మూడు ఫొటోలు తీసుకుని పక్కకి జరగండి. పసుపు గీత దాటొద్దు. పట్టాల మీదకి దిగడం, పట్టాల మీద నిలబడి రీల్స్ తీయడం అస్సలు వద్దు. అది పాడుబడ్డ లైను కాదు, ప్రయాణికుల్ని ఎక్కించుకోని రైలు కూడా రావచ్చు. స్టేషన్ వెనకాలే ఇళ్లున్నాయి, జనం కాపురముంటున్నారు, వాళ్ల గుమ్మాల ముందు కూర్చుని తినొద్దు, చెత్త మీతోనే తీసుకెళ్లండి. ఈ మాట చెప్పాల్సిన అవసరం ఉందా అంటే, ఉంది. జనం పెరిగాక ఆ ఊరివాళ్లు పడుతున్న ఇబ్బందుల్లో సగం ఇవే.

టైముంటే 378 రోడ్డు మీదకి దిగి, నగహామా దారిలో తర్వాతి స్టేషన్ అయిన కుషి వైపు కాస్త నడవండి, సముద్రంలోకి దిగిపోతున్న పట్టాలు కనిపిస్తాయి. అవి రైలువి కాదు, పడవల్ని నీళ్లలోకి దింపడానికి వేసినవి. ఆటుపోట్లని బట్టి కొన్నిసార్లు ఎక్కువ, కొన్నిసార్లు తక్కువ కనిపిస్తాయి. రోడ్డు మీద కార్లు జోరుగా పోతాయి, పిల్లల చెయ్యి వదలొద్దు.

10. తిరుగు రైలు.
పది నిమిషాల ముందే ప్లాట్‌ఫాం మీద ఉండండి. ఇప్పుడు డ్రైవర్ అవతలి కొసన ఉంటాడు కాబట్టి ముందు, వెనక తారుమారవుతాయి. వచ్చేటప్పుడు దిగిన తలుపు దగ్గరే నిలబడితే అది ఎక్కే తలుపు కాకపోవచ్చు. రైలు ఆగాక ఏది తెరుచుకుందో చూసి ఎక్కండి. ఇప్పుడు మీ దగ్గర టికెట్ ఉండదు, షిమోనాదాలో మెషిన్ లేదు కదా, అందుకని ఈసారి సేరికెన్ తప్పనిసరి. మత్సుయామాలో రైల్లో డబ్బులు కట్టక్కర్లేదు. అది స్టాఫ్ ఉన్న స్టేషన్, ఏ తలుపునుంచైనా దిగి గేటు దగ్గర చీటీ ఇచ్చి అక్కడ కట్టండి. చాలామంది చీటీని టిష్యూ పేపర్‌తో పాటు పారేసి గేటు దగ్గర జేబులన్నీ తడుముకుంటారు. ఫోన్ కవర్ వెనకాల పెట్టుకోండి.

రైలు తప్పిపోతే

కంగారుపడి కుషి దాకో కామినాదా దాకో నడవొద్దు, అక్కడ ఆగేదీ ఇదే రైలు. తర్వాతది ఎప్పుడుందో చూడండి. చివరిది కూడా పోతే ట్యాక్సీకి ఫోన్ చేయాల్సిందే, అక్కడ రోడ్డు మీద చెయ్యి ఎత్తితే ఆగే ట్యాక్సీలు ఉండవు. మొత్తం మత్సుయామా దాకా ట్యాక్సీలో పోనక్కర్లేదు, ఇయో-షి దాకా వెళ్తే చాలు. జేఆర్ ఇయో-షి స్టేషన్‌కి రోడ్డు అవతలే ఇయోతెత్సు వాళ్ల గున్‌చూ-కో స్టేషన్ ఉంది, అక్కడి నుంచి మత్సుయామా-షికి పగలంతా పావుగంటకో రైలు. ఈ చిట్కా వెళ్లేటప్పుడూ పనికొస్తుంది. మీ హోటల్ మత్సుయామా-షి దగ్గరైతే అటు నుంచి గున్‌చూ-కో దాకా వచ్చి, రోడ్డు దాటి ఇయో-షిలో డీజిల్ బండి అందుకోవచ్చు.

గట్టి వానలప్పుడు, తుఫాన్లప్పుడు ఈ లైను ఆపేస్తారు. సముద్రం ఒక పక్క, కొండవాలు ఇంకో పక్క, వేరే దారి లేదు. బయల్దేరే రోజు పొద్దున్నే జేఆర్ షికోకు వెబ్‌సైట్‌లో రైళ్లు నడుస్తున్నాయో లేదో చూడండి. అక్కడికి చేరాక ఆపేస్తే చిక్కు, అందుకే వాతావరణం బాగోని రోజున నేనైతే వెళ్లమని చెప్పను.

ఈ తలనొప్పంతా వద్దనుకుంటే

ఇయోనాదా మోనోగతారి అని ఒక టూరిస్టు రైలుంది. 2014లో మొదలైంది, 2022లో కొత్త పెట్టెలొచ్చాయి. ఎక్కువగా శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో నడుస్తుంది, సముద్రం దారిలోనే వెళ్తుంది, షిమోనాదాలో కాసేపు ఆపుతారు. దిగి ఫొటోలు తీసుకుని మళ్లీ అదే రైలెక్కేయాలి. అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి నేను ఇదే చెప్తాను. తలుపుల గొడవ లేదు, చిల్లర గొడవ లేదు, తిరుగు రైలు బెంగ లేదు. అన్నీ గ్రీన్ కార్ (ఫస్ట్ క్లాస్) రిజర్వుడు సీట్లే, కాబట్టి మామూలు క్లాసు జపాన్ రైల్ పాస్‌తో నేరుగా ఎక్కలేరు. బుకింగ్ నెల ముందు తెరుస్తారు, మంచి సీజన్‌లో తొందరగా అయిపోతాయి. భోజనం విడిగా ముందే బుక్ చేయాలి, జపనీస్ వంటలు కాబట్టి శాకాహారులు భోజనం వదిలేసి సీటు మాత్రమే తీసుకోండి. అయితే ఆ కాసేపట్లో రైల్లో ఉన్నవాళ్లంతా ఒకేసారి ప్లాట్‌ఫాం మీదకి దిగుతారు, ఖాళీ బెంచీ ఫొటో మాత్రం ఆశించొద్దు.

కార్లో వెళ్లడం గురించి కూడా అడుగుతున్నారు. వెళ్లొచ్చు, కానీ స్టేషన్ దగ్గర సందులు ఇరుకు, బండి పెట్టే చోటు కొంచెమే. రోడ్డు పక్కన ఆపి వెళ్లిపోవడం కుదరదు. సూర్యాస్తమయమే కావాలనుకుంటే ఇయో-కామినాదా దగ్గరున్న ఫుతామి బీచ్ పార్కు మేలు, అక్కడ పార్కింగ్, టాయిలెట్లు, తిండి షాపులు అన్నీ ఉన్నాయి, సూర్యుడు అదే సముద్రంలోకి దిగుతాడు. రైల్లో వచ్చేవాళ్లు కూడా కామినాదాలో దిగి నడిచి వెళ్లొచ్చు, తిరుగు రైలు షిమోనాదాలో ఎక్కేదే ఇక్కడా ఆగుతుంది, టైము కొన్ని నిమిషాలు అటూ ఇటూ, అంతే.